నడుమ ఉన్నోళ్లకెందుకు

మొన్న పొద్దున కాలేజీకి పోదామని ఆటో ఎక్కి కూచోగానే ఫోను మోగింది. ఒకప్పుడు నాతోపాటు కంప్యూటర్ నేర్చుకున్న స్నేహితురాలు. "సారు పోయిండే" అంది. ఏ సారు అని నేను అడగలేదు. మా బ్యాచి వాళ్ళకు సారంటే ఒక్కడే.

"ఎట్ల పోయిండు?"

"గుండె ఆగిందట. ఐతారం సంతాప సభ పెడ్తున్నం. నువ్వొచ్చి నాలుగు మాటలు మాట్లాడాలె. సారు దగ్గర అందరికంటె ఎక్కువ నేర్సుకున్నది నువ్వే గద."

రానన్నాను.

"సచ్చిపోయిన మనిషి మీద గూడ కోపమేందే?"

"కోపం కాదు. చీదర."

ఆమె ఫోను పెట్టేసింది. ఆటో అతను అద్దంలోంచి నన్నొకసారి చూసి తల తిప్పుకున్నాడు.

కోపమైతే ఎప్పుడో చల్లారేది. నాది ముక్కు మీద కోపం. ఎంత తొందరగా వస్తుందో అంత తొందరగా పోతుంది. చీదర అట్లా కాదు. అన్నంలో బొద్దింక కనబడిన కంచం లాంటిది. ఎన్నిసార్లు తోమినా ఆ కంచంలో మళ్ళీ తినబుద్ధి కాదు. సభలో మైకు ముందు నిలబడి ఆయన్ను ఆకాశానికెత్తడం నా వల్ల కాదు. పదిమందిలో తిట్టడం అంతకన్నా కాదు, అక్కడ ఆయన భార్య కూచుని ఉంటుంది. అందుకని అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

ఆయన సెంటర్ నిజామాబాదు కంఠేశ్వర్‌లో ఒక మేడ మీద ఉండేది. కింద మందుల దుకాణం, పైన మూడు గదులు. ముందు గదిలో టైపు మిషన్లు, నడిమి గదిలో నల్లబల్ల, లోపలి గదిలో కంప్యూటర్లు. లోపలి గదికి ఏసీ ఉండేది. మేం చెప్పులు బయట విడిచి, కాళ్ళు కడుక్కుని, తడి ఆరేదాకా గుమ్మంలో నిలబడి, అప్పుడు లోపలికి పోవాలి. దుమ్ము పడితే మిషన్లు చెడిపోతాయని రోజూ చిలక్కి చెప్పినట్టు చెప్పేవాడు. తాను మాత్రం బస్టాండు బురద అంటిన బూట్లతో టకటకా వచ్చేవాడు. ఒకసారి ఉండబట్టలేక "సార్, మీ బూట్లకు దుమ్ముండదా?" అని అడిగాను.

"నా దుమ్ము మిషన్లకు అలవాటే పిల్లా" అన్నాడు.

అందరూ పగలబడి నవ్వారు. ఆయన మాటలకు నవ్వు రావడం, నవ్వాక ఎందుకు నవ్వామా అనిపించడం మాకు మామూలే.

తెర మీద మరక కనబడితే నాలుకతో వేలు తడిపి తుడిచేవాడు. అదే వేలితో మా కీబోర్డు మీద తప్పు చూపించేవాడు. పెన్ను మూతతో చెవి గెలుక్కుని, మూత మళ్ళీ పెన్నుకు పెట్టి, ఆ పెన్ను మా చేతికిచ్చి "రాయి" అనేవాడు. నేను రెండో వారం నుంచి నా పెన్ను నేనే తెచ్చుకున్నాను. చాయ్ సాసర్‌లో పోసుకుని జుర్రుమని పీల్చి, అడుగున మిగిలిన చక్కెరను వేలితో తీసి నాకేవాడు. మనిషి చూడడానికి మాత్రం బాగుండేవాడు, అది కూడా చెప్పాలి. పొడగరి, ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, గదంతా నిండే గొంతు. ఆ గొంతుతో ఏం చెప్పినా నిజమే అనిపించేది.

ఇంకొక అలవాటుండేది. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయేవాడు. చూపుడు వేలు పైకి లేచేది. ఏదో పేరో మాటో గుర్తుకు రాలేదన్నమాట. అది ఎవరో ఒకరు అందించేదాకా ఆ వేలు దిగదు, ఆయన నోరు మెదపడు, మేం కదలకూడదు. "మొన్న హైదరాబాదు పోయేటప్పుడు బస్సు..." అని వేలు లేస్తుంది. మేం మొహమొహాలు చూసుకుంటాం. ముందు గదిలోంచి ఆయన భార్య, టైపు నేర్పుతూనే, "కామారెడ్డిల" అని కేకేస్తుంది. "...ల ఆగింది, దిగి చాయ్ తాగిన" అని ఈయన అక్కడి నుంచే అందుకుంటాడు. ఆ మాట ఎవరిచ్చారో తల తిప్పి చూసిన పాపాన పోడు. గోడ ఇచ్చినట్టే.

ఆ రోజుల్లో, అంటే తొంభైల చివర, నిజామాబాదులో కంప్యూటర్ నేర్పే చోట్లన్నిటా ఫాక్స్‌ప్రో నడిచేది, కొంచెం పెద్ద చోట్ల సీ ప్లస్ ప్లస్. ఈయన ఒక్కడు స్మాల్‌టాక్ అనే భాష చెప్పేవాడు. ఎక్కడో బొంబాయిలో పనిచేసినప్పుడు పట్టుకొచ్చాడట. ఆ భాషలో అంతా వస్తువులే. ఒక వస్తువు ఇంకో వస్తువుకు పని చెబుతుంది, అది మరొకదానికి చెబుతుంది. దాంతో కొలువు దొరకదని తెలిసి మిగతా వాళ్ళు మెల్లగా జారుకున్నారు. నేను మాత్రం ఉండిపోయాను. మా అమ్మ ఇంట్లో బీడీలు చుడుతూ "గది నేర్సుకుంటే ఏమొస్తదే?" అని అడిగేది. ఆయన చెబుతుంటే వినాలనిపించేది, అంతే.

ఒకరోజు నల్లబల్ల మీద నిచ్చెన గీశాడు. పై మెట్టు మీద ఒక మనిషి బొమ్మ, అడుగు మెట్టు మీద ఒక బొమ్మ, నడుమ మెట్ల మీద ముగ్గురు.

"పైనున్నోడు పని చెప్పిండు. అది ఒకని చేతికెల్లి ఇంకొకని చేతికి దిగుకుంట అడుగునోని దాంక వచ్చింది. పని చేస్తుంటే వానికొక సంగతి తెల్వక ఆగిండు. ఇప్పుడేం చెయ్యాలె?"

"పైకెల్లే ఆ సంగతి గూడ ఇచ్చి పంపాలె సార్" అన్నాడు ఒక పిల్లవాడు.

"అప్పుడు నడుమ ముగ్గురు దాన్ని మోయాలె. వాళ్ళకు అక్కరలేని మూట. ఇయ్యాల ఒక మూట, రేపు పది మూటలు. మోసి మోసి సస్తరు."

"అయితే అడుగునోడు ఎక్సెప్షన్ లేపాలె సార్" అన్నాను నేను. పని సాగనప్పుడు ప్రోగ్రాం పెట్టే కేకను అట్లా అంటారు. కేక మెట్టు మెట్టూ ఎక్కి, దాన్ని పట్టుకునేవాడు ఎక్కడుంటే అక్కడిదాకా పోతుంది.

"శాబాష్. సీ ప్లస్ ప్లస్‌ల ఏమైతది? పైవాడు కేక పట్టుకునేసరికి కింది మెట్లన్నీ కూలిపోతయ్. జవాబు ఉన్నా చెప్పెటందుకు అడుగునోడు ఉండడు. పని మొదటికెల్లి చెయ్యాలె. ఈ భాషల గట్ల కాదు." సుద్దముక్కతో కింది నుంచి పైకి ఒక గీత గీశాడు, పై నుంచి కిందికి ఇంకో గీత. "కేక పైకి పోతది. పైవాడు ఇంటడు. జవాబు కిందికి ఇడుస్తడు. అడుగునోడు ఎక్కడ ఆగిండో అక్కడికెల్లే మల్ల షురు చేస్తడు. ఒక్క మెట్టు కూలదు. నడుమ ముగ్గురికి కేక పోయింది తెల్వదు, జవాబొచ్చింది తెల్వదు. వాళ్ళ పని వాళ్ళు చేసుకుంటుంటరు."

నాకు ఒళ్ళు పులకరించింది. ఇప్పుడు తలుచుకున్నా ఆ ఉపాయం అందమైనదే. దాన్ని నేను తప్పుపట్టను, మా కాలేజీ పిల్లలకు నేనూ చెబుతాను. కానీ అప్పుడే ఒక మాట అడగాలనిపించింది.

"నడుమోళ్ళకు తెల్వద్దా సార్?"

ఆయన నన్ను జాలిగా చూశాడు. "నడుమ ఉన్నోళ్లకెందుకు?" అన్నాడు.

అది ఆయన ఊతపదం. పాఠంలోనే కాదు, బతుకంతా అదే. ఒకనాడు మేం ముందు గదిలో ఉండగా హమాలీలు మెట్లెక్కి వచ్చి టైపు మిషన్లు లేపడం మొదలుపెట్టారు. అమ్మాయిలు టైపు చేస్తూనే ఉన్నారు. కాగితం మిషన్‌లో ఉండగానే మిషన్ లేచిపోయింది. ఆయన భార్య, మేమంతా మేడం అనేవాళ్ళం, లేచి అడ్డం పోయింది.

"ఏందిది? ఏడికి తీస్కపోతున్రు?"

"సారు జెప్పిండమ్మా. కొత్త జాగకు."

పాత ఇల్లుగలాయనకు తెలుసు, కొత్త ఇల్లుగలాయనకు తెలుసు, కింద ట్రాలీ ఆటోవానికి తెలుసు. ఆ మిషన్ల మీద పగలంతా పనిచేసే మనిషికి మాత్రం తెలియదు. అంతలో ఈయన వచ్చాడు. నేర్చుకునే అమ్మాయిలందరి ముందు ఆమె అడిగింది, "ఒక్క మాట చెప్తే ఏమైతుండె?" అని.

"చెప్తే ఏం జేస్తుంటివి? మిషన్లు మోస్తుంటివా?"

మేడం మిషన్ మీద కప్పే గుడ్డను చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. తల కొట్టేసినట్టయింది ఆమెకు. ఈయన ఆమెను దాటుకుని పోయి హమాలీలతో "మెట్ల కాడ జర భద్రం" అన్నాడు. మిషన్ల మీద ఉన్న ఆ భద్రం ఆమె మీద లేదు. అయినా నేను సెంటర్ మానలేదు. పాఠం ఇంకా మిగిలి ఉంది.

ఆ తర్వాత ఆయనకు బోధన్ దాటాక ఉన్న ఒక ప్రైవేటు చక్కెర ఫ్యాక్టరీ పని దొరికింది. సాయానికి నన్ను తీసుకుపోయాడు. ఏ రైతు ఎప్పుడు చెరుకు కొయ్యాలో వంతులు తయారు చేసే ప్రోగ్రాం అది. చెరుకు ప్రాంతంలో ఎవరి ఇష్టానికి వాళ్ళు కోత పెట్టుకోరు. ఫ్యాక్టరీ నుంచి కోత చిట్టీ రావాలి. చిట్టీ రాకముందు కోస్తే యార్డులో పడి ఎండుతుంది. చెరుకు పండకముందే చిట్టీ వస్తే రసంలో తీపి ఉండదు, ఫ్యాక్టరీ తిప్పి పంపుతుంది. అందుకని ఆ చిట్టీ ఎప్పుడు వస్తుందన్న దాని మీదే ఏడాది కష్టమంతా ఆధారపడి ఉంటుంది.

ఆ చిట్టీలు ఊళ్ళలో పంచేది ఫీల్డ్‌మన్. మా అక్క మొగుడు ఆ ఫ్యాక్టరీలోనే ఫీల్డ్‌మన్. మోపెడ్ మీద ఊరూరా తిరుగుతూ, పొలాల గెనాల మీద నడుస్తూ, ఏ మడి ఎంత పండిందో చూసి వచ్చేవాడు. ఎండకు మెడ వెనక చర్మం మాడి వేరే రంగయ్యింది. నోట్లో నాలుక లేని మనిషి. నన్ను చూస్తే మాత్రం ఎక్కడ లేని మాటలూ వచ్చేవి.

"ఏం మరదలా, ఇగ నా బండి గూడ కంప్యూటరే నడుపుతదా?"

"నడిపితే నువ్వు వెనుక కూసో బావా."

"కూసుంట గని, పంక్చరైతే నన్నే దిగుమంటది గావచ్చు."

ప్రోగ్రాంలో వంతు తేల్చాలంటే ప్రతి మడికీ చెరుకు నాటిన నెల కావాలి. పాత ఊళ్ళవి చాలామటుకు ఎక్కించాం. ఆ ఏడాదే కొత్తగా మా ఫ్యాక్టరీ కింద కలిసిన ఊరొకటి ఉంది, దాని వివరాలు లేవు. అది మా బావ పుట్టిన ఊరే. బావ తానుగా వచ్చి అడిగాడు, "సార్, మా ఊర్ల ఎవలు ఎప్పుడు నాటిన్రో నేను తిరిగి అడిగొస్త. నాలుగు దినాల పని."

"ఏం అవసరం లేదు. కావాలంటే అదే అడుగుతది" అన్నాడు ఈయన, తెర మీది నుంచి కళ్ళు తిప్పకుండా.

అదే అడిగేది, నిజమే. నిచ్చెన పాఠమే ఇక్కడా. అడుగున మడి లెక్క చూసే చోట నాటిన నెల లేకపోతే కేక పైకి పోతుంది. నడుమ ఊరి లెక్క, సెక్షన్ లెక్క, చిట్టీల లెక్క, వేటికీ తెలియదు. పైన ఈయన కూచునే మిషన్‌లో కేకను పట్టుకునే ముక్క రాసి పెట్టాడు. తెర మీద ప్రశ్న వస్తుంది, ఈయన ఎవరికో ఫోన్ చేసి కనుక్కుని నెల కొడతాడు, ఆగిన పని ఆగిన చోటి నుంచి సాగుతుంది. తాను లేకుండా ఒక్క చిట్టీ కదలదన్న సంగతి ఆయన ముఖంలో కనబడేది. రోజూ పొద్దున సాంపిల్ గిన్నెలోంచి చక్కెర నోట్లో పోసుకుని, పటపట నములుతూ ఆ ప్రశ్నల కోసం కూచునేవాడు.

చెరుకు ఆఫీసులో కొత్త కంప్యూటర్ పెట్టారు. ఈయన దాంట్లో కూడా ప్రోగ్రాం ఎక్కించి ఏదో పెళ్ళికని హైదరాబాదు పోయాడు. కేకను పట్టుకునే ముక్క మాత్రం అక్కడ పెట్టలేదు. పట్టుకునేవాడు లేకపోతే కేక ఏమవుతుంది? పని అక్కడే ఆగిపోయే రకం కేకలు కొన్ని ఉంటాయి. ఎవరూ వినకపోతే ఉత్త చేతులతో తిరిగొచ్చి, ఏమీ జరగనట్టు ముందుకు సాగేవి కొన్ని. ఈయన రెండో రకం ఎంచుకున్నాడు. ప్రోగ్రాం ఆగిందన్న పేరు రావద్దని. జవాబు ఖాళీగా వస్తే సున్నా అనుకోమని రాశాడు. నాటిన నెల సున్నా అయితే ఆ చెరుకు అన్నిటికన్నా ముసలిదని లెక్క తేలుతుంది. ముసలి చెరుకే ముందు కొయ్యాలి. అట్లా ఆఫీసువాళ్ళు బావ ఊరి లెక్క మొదటిసారి ఆ మిషన్‌లోనే తీసేసరికి, అక్కడి మళ్ళన్నిటికీ ఒక్కసారే చిట్టీలు దిగాయి.

బావకు అనుమానం వచ్చింది. చిట్టీలు పట్టుకుని చెరుకు ఆఫీసుకు పోయి అడిగాడు. "మా ఊరి చెరుకు ఇంక పచ్చిగున్నది, గిప్పుడే చిట్టీలెట్ల వచ్చినయ్?" అని. కంప్యూటర్ ఇచ్చింది, నీకెందుకు, పంచు అన్నారు. సారు కోసం అడిగితే ఊళ్ళో లేడన్నారు. పంచాడు. పంచడమే ఆయన ఉద్యోగం.

ఈయన హైదరాబాదు నుంచి తిరిగొచ్చిన రోజు మేమిద్దరం జీపులో ఫ్యాక్టరీకి చేరేసరికి గేటు ముందర బండ్లే బండ్లు. నాందేడ్ వైపు నుంచి కోతకు వచ్చిన వాళ్ళు బండ్ల నీడన పిల్లల్ని పడుకోబెట్టుకుని ఉన్నారు. ఒక ఆడమనిషి మా జీపు పట్టుకుని "గాడీ కధీ సుట్ణార్ సాయెబ్?" అని మరాఠీలో అడుగుతోంది, బండి ఎప్పుడు ఖాళీ అవుతుందని. ఖాళీ కాదు. రసం పరీక్షలో తీపి లేదని తేలింది, ఒక్క బండి లోపలికి రానివ్వడం లేదు. మిగతా ఊళ్ళ వాళ్ళు "సొంత ఊరోళ్లను ముందట వెట్టుకున్నడు" అని బావను తిడుతున్నారు. సొంత ఊరి వాళ్ళు "పచ్చి చెరుకు కోయించి మా నోట్ల మన్ను కొట్టినవ్" అని ఆయన కాలర్ పట్టుకున్నారు. బావ చొక్కా గుండీలు తెగి ఉన్నాయి. చేతులు రెండూ జోడించి ఏదో చెబుతున్నాడు, ఎవరికీ వినబడడం లేదు.

నేను పరుగున పోయి చెరుకు ఆఫీసు కంప్యూటర్‌లో ప్రోగ్రాం తెరిచి చదివాను. బయటికి వచ్చి ఆయనతో చెప్పాను.

"సార్, ఇక్కడ కేకను పట్టుకునేటిది పెట్టలేదు మీరు."

"తెలుసు" అన్నాడు.

"తెలుసా?"

"బండ్లను చూడంగనే సమజైంది."

"మరి మేనేజర్‌కు చెప్పున్రి సార్. మా బావ కొలువు పోతది. సొంత ఊర్ల తల ఎత్తుకోలేడు."

"చెప్తా. తొందరేంది?" అని దారిలో విరిగిపడ్డ చెరుకుముక్క ఒకటి తీసి, బూటుకు రుద్ది, పళ్ళతో చీల్చాడు. పిప్పి ఉమ్మి, "నిజంగనే చప్పగున్నది" అన్నాడు.

చీదర అన్న మాటకు అర్థం నాకు ఆ క్షణాన తెలిసింది.

మేనేజరు గుంటూరు వైపు మనిషి. తన గదిలోకి ముగ్గురినీ పిలిచాడు. బావ తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఏమైందో చెప్పమన్నాడు మేనేజరు. ఈయన లేచి, గోడకున్న తెల్లబోర్డు మీద నిచ్చెన గీశాడు. ఆ గొంతుతో, ఆ గీతలతో, కేక పైకి ఎట్లా పోతుందో, జవాబు కిందికి ఎట్లా వస్తుందో మొత్తం చెప్పాడు. బయట బండ్ల దగ్గర ఎద్దులు అరుస్తున్నాయి. మేనేజరు ముందుకు వంగి పాఠం వింటున్నాడు.

"భలే ఉందండీ మాస్టారూ! మధ్యలో ఎవరికీ ఏ ఇబ్బందీ లేకుండా!"

"అదే సార్ దీని అందం."

ఇంక ఆగలేకపోయాను. "సార్, ఆ ప్రశ్న మా బావ పంచిన చిట్టీల మీదికెల్లే పోయింది. ఆయనకు మాత్రం తెల్వలేదు. పైన పట్టుకునేటిది పెట్టకపోవుడు ప్రోగ్రాం రాసినోళ్ల తప్పు" అన్నాను. రాసినోళ్లు అన్నాను గాని ఈయన వైపే చూస్తూ అన్నాను.

మేనేజరు కొంచెం చిరాగ్గా ఈయన వైపు తిరిగాడు. పంచమని చెప్పింది తన ఆఫీసువాళ్ళేనని అప్పటికే ఆయన చెవిన పడి ఉంటుంది. ఆ సంగతి పైకి రావడం ఆయనకూ ఇష్టం లేదు. "ఒకటి చెప్పండి మాస్టారూ. మధ్యలో ఉన్న మనిషి ఆపాలనుకుంటే ఆపే వీలుందా, లేదా?"

ఈయన నోరు తెరిచాడు. వేలు పైకి లేచింది. మాట కోసం వెతుక్కుంటున్నాడు. నా దగ్గర ఆ మాట ఉంది. లేదు, వాళ్ళకు ఆ వీలు ఇవ్వలేదు అన్న మాట. నేను అందించాను కూడా, గట్టిగానే. "లేదు సార్!" అన్నాను. మొట్టమొదటిసారి ఆయన తనకు అందిన మాటను తీసుకోలేదు. వేలు దింపి, నవ్వి, చెప్పాడు.

"ఉంటది సార్. నడుమ ఎవరైనా పట్టుకోవచ్చు. ఆ భాషల ఆ సౌలత్ ఉన్నది."

అబద్ధం చెప్పి ఉంటే క్షమించేదాన్నేమో. ప్రాణం మీదికి వస్తే అబద్ధమాడని వాడెవడు? అది అబద్ధం కాదు. ఆ భాషలో ఏ మెట్టు మీద వాడైనా కేకను పట్టుకునేలా రాసుకోవచ్చు, పుస్తకంలో అట్లాగే ఉంది, నేను పరీక్షలో అదే రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. పట్టుకోవాలంటే కేక ఉన్నదని ముందు తెలియాలి. తెలియనియ్యనిది తానే. ఒక మనిషి కళ్ళకు గంతలు కట్టి, ఎదురుగా బండి వస్తుంటే పక్కకు ఎందుకు జరగలేదని అడిగినట్టుంది. నిజాన్ని ఇంత నీచంగా వాడొచ్చని అంతకుముందు నాకు తెలియదు. చదువుకున్నవాడి నోటినుంచి వచ్చిన ఆ ఒక్క వాక్యం మీద నాకున్నంత రోత ఆ ఉమ్మి వేలి మీద కూడా లేదు.

"విన్నారుగా" అన్నాడు మేనేజరు, బావ వైపు చూసి. "ఆపే వీలుండి ఆపలేదు. పైగా మీ సొంత ఊరు. రేప్పొద్దున్నుంచి మీరు రానక్కర్లేదు."

"నేను అడిగిన సార్... పంచుమన్నరు" అన్నాడు బావ. బోర్డు మీది నిచ్చెనకేసి చూశాడు. నడుమ మెట్ల మీది ముగ్గురిలో తాను ఎవరో వెతుక్కుంటున్నట్టు చూశాడు.

బయటికి వచ్చాం. గేటు దగ్గర జనం ఒక్కసారి మా మీద విరుచుకుపడ్డారు. ముందున్నది బావ ఊరివాడే, పొద్దున కాలర్ పట్టుకున్న మనిషి. చేతిలో చెరుకు కొట్టే కత్తి.

"ఏమన్నరు పైన? ఎవని తప్పట? ఎవడు కోయించిండు మా చెరుకు?"

నేను ఈయన వైపు చూశాను. ఈయన జీపు తలుపు పట్టుకుని నిలబడి, చొక్కా మీద పడ్డ పిప్పి పీచు దులుపుకుంటున్నాడు. మూడడుగుల దూరంలో ఉన్నాడు, ప్రశ్న స్పష్టంగా వినబడింది. అప్పటికైనా ఒక్కమాట అనొచ్చు. అనలేదు.

"నాదే తప్పు కాకా" అన్నాడు బావ. "చూసుకోకుంట ఇచ్చిన. ఈడ నిలవడితే ఇంక ఎండుతది. తిప్పుకోన్రి, బెల్లం బట్టీలకు కొట్టుకపోదాం. తీస్కున్నకాడికి తీస్కుంటరు. నేను గూడ వస్త."

ఆ మనిషి కత్తి పట్టుకున్న చెయ్యి కిందికి జారింది. బావ ముఖం మీద ఉమ్మేశాడు. తర్వాత వెనక్కి తిరిగి ఎద్దుల ముక్కుతాడు పట్టుకున్నాడు. ఒక బండి తిరిగింది. దాని వెనక ఇంకొకటి. బావ చొక్కా చేత్తో ముఖం తుడుచుకుని, ఇరుక్కున్న ఒక చక్రానికి భుజం పెట్టాడు.

ఈయన నా పక్కకు వచ్చాడు. ముఖంలో ఎంతో తృప్తి.

"చూసినవా పిల్లా? గంత లొల్లి గూడ సాఫైంది. ఎక్కడ ఆగిందో అక్కడికెల్లే మల్ల షురువైంది. ఎక్కు, పోదాం."

నేను జీపు ఎక్కలేదు. ఆయన మళ్ళీ పిలవలేదు కూడా. దుమ్ము లేపుకుంటూ జీపు పోయింది. ఆ తర్వాత ఆ మనిషి ముఖం నేను చూడలేదు.

బండ్ల వెనక బావతో పాటు నడిచాను. ఆయన మెడ మీద ఉమ్మి ఇంకా కొంచెం ఉంది, నా కొంగుతో తుడిచాను. తుడుస్తుంటే ఏడుపు ఆగలేదు.

"ఎందుకు బావా? నీ తప్పు కాదని నీకు ఎరుకే గద. ఎందుకు మీదేసుకున్నవ్?"

బావ నన్ను వింతగా చూశాడు, ఇంత చదివి ఇది కూడా తెలియదా అన్నట్టు.

"ఆళ్లు అడుగుతున్నరు గద మరదలా" అన్నాడు. "ఎవలో ఒకలు చెప్పాలె గద."